పడవపేట ఆరో సున్నా

నీటి 74వ ఏడు, 41వ రోజు

ఆఫీసు నిబంధన ప్రకారం పడవపేట జనన మరణాల గుమాస్తా రోజూ దినచర్య రాయాలి. పదహారేళ్ళుగా రాస్తున్నాను. నెలాఖరున ప్రెసిడెంటు వరహాలరావు గారు ప్రతి పేజీ చదివి, కింద "చదివి సరిచూడడమైనది" అని ముద్ర వెయ్యాలి. ముద్ర పడుతుంది, చదవడం మాత్రం జరగదు. రెండేళ్ళ కిందట అనుమానం తీర్చుకుందామని "ఇవాళ నాలుగో వరస పడవలో ఏనుగు ఈనింది, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం" అని రాశాను. దాని కింద కూడా ముద్ర ఎర్రగా, నిండుగా పడింది. అప్పటినుంచి నాకీ పుస్తకమంటే ప్రేమ. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేని సంగతి దాచడానికి ఇంతకన్నా భద్రమైన చోటు లేదు.

కాబట్టి రాస్తున్నాను. నా పేరు మంగతాయారు. వయసు యాభై రెండు. నాకు ఇరవై ఆరేళ్ళుగా హెచ్ఐవి ఉంది. ఎలా వచ్చిందని అడుగుతారు. అందరూ ముందు అదే అడుగుతారు, జ్వరం ఎంత ఉందో తరవాత అడుగుతారు. వచ్చింది, అంతే.

రెండో సంగతి నా మెడ. ఎడమవైపు గడ్డ ఒకటి మొన్నటిదాకా చింతగింజంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు. రోజూ సాయంత్రం జ్వరం, తెల్లారేసరికి పక్కబట్టలు పిండుకునేంత చెమట. చీర నడుముకి ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోంది. పక్క పడవ మహాలక్ష్మి నన్ను ఎగాదిగా చూసి, భలే సన్నబడ్డావు, ఏం తింటున్నావో మాకూ చెప్పమంది.

ఇవాళ పడవ అడుగున అంటుకున్న గుల్లలు గీకే వంతు నాది. మూడు బారలు గీకేసరికి ఆయాసంతో కూలబడ్డాను. కింద నీళ్ళలో మునిగిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్ళు మసకగా కనిపిస్తున్నాయి. కాసేపు వాటిని చూస్తూ కూర్చుని, మిగిలింది రేపటికి వాయిదా వేశాను.

45వ రోజు

డాక్టర్ వకుళ గారు మా ఊరికొచ్చి నాలుగు నెలలే. మందుల ఓడలో వచ్చారు. ఓరుగల్లు వైపు మనిషి. అక్కడ ఇంకా నేల ఉంది కాబట్టి ఆవిడకి స్థిరంగా నిలబడడం అలవాటు. మా పలకల మీద నడిచేటప్పుడు ఇప్పటికీ ఏ తాడో పట్టుకుంటారు. మొన్న నా గడ్డలోంచి సూదితో ముక్క తీశారు. ఇవాళ ఫలితం చెప్పారు. లింఫోమా. ఒంటిని కాపాడాల్సిన కణాలే అదుపు తప్పి పెరిగిపోయే క్యాన్సర్. నాది తొందరగా పెరిగే రకమట.

తరవాత నా రక్తం అద్దం మీద వేసి, రక్షక కణాల లెక్క చేత్తోనే కట్టారు. మామూలు మనిషికి ఐదు వందలకి పైన ఉండాలి. నాకు ఎనభై ఎనిమిది ఉన్నాయి. ఆవిడ సూక్ష్మదర్శిని పక్కన పెట్టి నా కళ్ళలోకి చూశారు.

"అక్కా, గీ లెక్క ఊరికె పడిపోదు. నువ్వు చెప్తవా, నన్నే చెప్పమంటవా?"

చెప్పాను. ఎనిమిదేళ్ళలో ఆ మాట నోటితో అనడం ఇదే మొదలు. గొంతు వణికింది, నాకే కోపం వచ్చింది. ఆవిడ ఎలా వచ్చిందని అడగలేదు. మందు ఆపి ఎన్నేళ్ళయిందని అడిగారు. చేతి చర్మం కింద పెట్టిన మందు కడ్డీ ఐదేళ్ళు పనిచేసింది, అది అయిపోయి మూడేళ్ళయిందని చెప్పాను.

అప్పుడు విడమరిచి చెప్పారు. చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లోకీ చేరే వైరస్ ఒకటి ఉంటుందట. అది కొన్ని తెల్లకణాల్లో దాక్కుని జీవితాంతం నోరు మూసుకుని పడి ఉంటుంది, ఎందుకంటే రక్షక కణాలు దాన్ని కనిపెట్టుకుని ఉంటాయి. హెచ్ఐవి ఆ కాపలానే తినేస్తుంది. ఇక ఆ తెల్లకణాలు అడిగేవాళ్ళు లేక పెరుగుతాయి, పెరిగేటప్పుడు తప్పులు జరుగుతాయి, ఎక్కడో ఒక తప్పు క్యాన్సర్ అవుతుంది. మందు వాడుతున్నవాళ్ళకి కూడా ఈ ప్రమాదం కొంచెం ఎక్కువే, మానేసినవాళ్ళకి చాలా ఎక్కువ.

నయమవుతుందా అని అడిగాను. అయ్యే వీలు బాగానే ఉందన్నారు. అయితే తను చెప్పిన పద్ధతిలో, తొందరగా జరగాలట. మందుల ఓడ పదిహేను రోజులకోసారి వస్తుంది. రెండు మూడు ఓడలు చూడొచ్చు, ఆ తరవాత వచ్చే ఓడ నా కోసం రానవసరం లేదన్నారు. మా ఊళ్ళో ఇంత మెత్తగా ఎవరూ చావు కబురు చెప్పరు.

52వ రోజు

మా ఊరి వైద్యం పెట్టె చేతిలో ఉంది. జబ్బు వివరాలు కొడితే మందు లెక్కగట్టే యంత్రం అది, ఊళ్ళో అందరూ దాన్ని పెట్టె అనే అంటారు. డాక్టరు ఏం చెప్పినా పెట్టె ఒప్పుకుంటేనే ఓడకి మందుల జాబితా వెళ్తుంది. ఇవాళ నేనూ డాక్టర్ గారూ దాని ముందు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.

జబ్బు: లింఫోమా. ఒప్పుకుంది. రక్షక కణాలు: 88. ఒప్పుకుంది, పైగా సానుభూతి తెలిపింది. "తగ్గడానికి కారణం" దగ్గర ఐదే జవాబులు చూపించింది: వయసు, అలసట, దిగులు, సముద్రపు గాలి, కారణం లేదు.

"కారణం లేదు" అని కొడితే నన్ను మామూలు మనిషి కింద లెక్కగట్టి క్యాన్సర్ మందు పూర్తి మోతాదు రాసింది. అంతే, ఇంకేమీ లేదు. హెచ్ఐవి మందు లేదు, ఊపిరితిత్తులకి పట్టే చీడ రాకుండా వేసుకోవాల్సిన మాత్ర లేదు, తెల్లకణాలు కోలుకునే సూది లేదు. అలా ఎక్కిస్తే గడ్డ కరిగేలోపు ఏదో ఒక జ్వరం నన్ను కరిగిస్తుందని డాక్టర్ గారి లెక్క.

"వయసు" అని కొడితే పెట్టెకి జాలేసింది. సగం మోతాదు, దాంతోపాటు రోజుకి గంటసేపు వీణ. దాన్ని "సాంత్వన" అంటారట. "దిగులు" అని కొడితే అదే సగం మోతాదు, వీణ బదులు వేణువు.

డాక్టర్ గారికి ఆ సగం మోతాదు చూసి ఒళ్ళు మండింది. వెనకటి రోజుల్లో కూడా హెచ్ఐవి ఉన్నవాళ్ళు తట్టుకోలేరని భయపడి మోతాదు తగ్గించేవాళ్ళట.

"తగ్గిస్తే మనిషి మీద దయ చూపినట్లు కాదక్కా, రోగం మీద చూపినట్లు. హెచ్ఐవి మందు ఆపకుండ ఇయ్యాలె, క్యాన్సర్ మందు నిండుగ ఇయ్యాలె. రెండూ కొట్లాడుకోని రకం నేను ఏరుత. గంతే, నువ్వు అందరి లెక్కనే."

అందరిలాంటి మనిషినే. కాకపోతే దానికి నా జబ్బు పేరు పెట్టెలో ఉండాలి. ఒకప్పుడు ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట తీసేశారు. తీసేసిన గుమాస్తా పేరు డాక్టర్ గారు అడిగారు. అదేదో పుట్టిన తేదీ అడిగినట్టు మామూలుగా అడిగారు, నేను తల దించుకున్నాను.

58వ రోజు

రాయక తప్పదు.

మా రేవు జట్టీ మీద పెద్ద స్తంభానికి ఆరు తెల్ల వలయాలు వేలాడుతుంటాయి. ఒక్కోటి ఒక్కో జబ్బుకి సున్నా. మలేరియా, కలరా, పోలియో, కుష్టు, క్షయ, ఆరోది హెచ్ఐవి. ఆరు వలయాలున్న ఊరు గౌతమి సముద్రంలో కలిసేచోట, తియ్యనీళ్ళ వైపు లంగరు వేసుకోవచ్చు. ఐదున్న ఊరు ఉప్పువైపు జరగాలి. తేలే ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న నియమం ఇది. జబ్బులు పోగొడితే నీళ్ళు దొరుకుతాయని పెట్టారు. జబ్బుల్ని పోగొట్టడం కన్నా లెక్కలోంచి పోగొట్టడం సులువని మావాళ్ళు తొందరగానే కనిపెట్టారు.

ఆరో సున్నా లెక్క ఇలా తీశారు. ఊరందరినీ జట్టీ మీదికి పిలిచి, హెచ్ఐవి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. సున్నా. నా రెండు చేతులూ అప్పుడు ఆ జాబితా పట్టుకుని ఉన్నాయి.

తరవాత చిక్కొచ్చింది. వలయం ఎక్కించాలంటే ఆ జబ్బు చివరి రోగి జట్టీ మీద నిలబడి "నాకు నయమైంది" అని ఊరి ముందు ప్రమాణం చెయ్యాలి. రోగులే లేని ఊళ్ళో చివరి రోగిని ఎక్కడ తెస్తాం. అప్పటి పెద్దలు ఆలోచించి మట్టపర్తి గవర్రాజుకి కబురు పెట్టారు. గవర్రాజు స్టేజీ నటుడు. హరిశ్చంద్రుడు వేసి కాటిసీనులో రాళ్ళు కరిగించిన మనిషి. ఆయన ప్రమాణం చేశాడు, శాలువా కప్పించుకున్నాడు, రోజుకి రెండు బిందెల తియ్యనీళ్ళు ఎక్కువ పుచ్చుకుంటున్నాడు. ఏటా సున్నా పండగ నాడు తన బాధ చెప్తాడు. మొదటి ఏడు మూడు నెలలు జ్వరమొచ్చిందన్నాడు. నిరుడు చెప్పినదాన్ని బట్టి ఆయన రెండుసార్లు చచ్చి బతికాడు.

అదే నెల పెట్టెలోంచి ఆ వరస కొట్టేసింది నేను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. పైగా సంతోషంగా కొట్టేశాను. కాగితం మీద ఆ జబ్బు లేకపోతే నాకూ లేనట్టే అనిపించింది. కడ్డీ అప్పుడే కొత్తగా పెట్టించుకున్నాను, ఐదేళ్ళు ధీమా.

వలయం ఎక్కిన రెండో ఏడు వలలు కుట్టే సత్తెమ్మ నా కిటికీ దగ్గరికొచ్చి మాత్రల కోసం అడిగింది. ఆ సంగతి రాయడానికి ఇవాళ చెయ్యి రావడంలేదు.

61వ రోజు

పుస్తకం నిన్న ముద్రకి వెళ్ళి ఇవాళ తిరిగొచ్చింది. నాకు హెచ్ఐవి ఉందన్న పేజీ కింద, వరస నేనే కొట్టేశానన్న పేజీ కింద, లెక్క అబద్ధమన్న పేజీ కింద ఎర్రగా "చదివి సరిచూడడమైనది". నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

రేపు వచ్చే ఓడ నాకేమీ తేదని ముందే తెలుసు.

66వ రోజు

ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పడవ మీద ఎండబెట్టిన నాచు వడియాలు తిరగేస్తున్నారు. చెడ్డమనిషి కాదు. నా పెద్దమ్మ పోయినప్పుడు సొంత పడవలో శవాన్ని మోయించారు. ఊళ్ళో హెచ్ఐవి ఉన్న మనిషి ఒకరున్నారని, మందు రావాలంటే పెట్టెలో వరస మళ్ళీ తెరవాలని చెప్పాను. ఆయన వడియం చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"పేరు చెప్పకండి తాయారు గారూ. చెప్పారంటే నాకు తెలిసినట్టవుద్ది."

చెప్పకపోతే ఆ మనిషి పోతుందన్నాను. "పోతుంది" అనగానే ఆడమనిషని అర్థమైనట్టుంది, నా మెడ వైపు ఒకసారి చూసి చప్పున వడియాల వైపు తిరిగారు. వలయం దిగితే ఊరు ఉప్పువైపు జరగాలని, నాలుగు వేలమంది బిందెలు పట్టుకుని మూడు లంగర్ల దూరం వెళ్ళాలని, పసిపిల్లల తల్లులున్నారని చెప్పుకొచ్చారు. అబద్ధమేమీ లేదు. తరవాత నాకొక ఉపాయం కూడా చెప్పారు.

"ఆయ్, ఓ పని చేద్దారి. పెట్టెలో దిగులని కొట్టించండి. దిగులుకి వలయం దించమని ఎవరూ అనరండి."

వేణువు వినడానికి నాకు తీరిక లేదని చెప్పి వచ్చేశాను. దారిలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. నాకు చావంటే భయమేసింది. ఇన్నాళ్ళూ జబ్బు బయటపడుతుందని భయపడ్డాను కానీ చస్తానని ఎప్పుడూ భయపడలేదు. భయపడే విషయంలో కూడా వరసలు తప్పుగా కొట్టుకున్నాను.

74వ రోజు

నియమాల పుస్తకం నా చేతిరాతలోనే ఉంది. ఇవాళ మళ్ళీ చదివాను. చివరి రోగి తన ప్రమాణాన్ని ఊరి ముందు వెనక్కి తీసుకుంటే, ఆ వలయం మీద విచారణ జరగాలి. విచారణలో ఊరి ముద్ర ఉన్న ఏ నమోదైనా సాక్ష్యమే. రెండో వాక్యం చదివి నా దినచర్య వైపు చాలాసేపు చూశాను.

తరవాత గవర్రాజు పడవకి వెళ్ళాను. డెబ్బై ఏళ్ళ మనిషి అద్దం ముందు కూర్చుని ఈ ఏటి ప్రసంగం అభ్యాసం చేస్తున్నాడు. ఈసారి మూడో చావు ఉంది. మధ్యలో ఆపి నా సంగతంతా చెప్పాను. మొదట ఆయనకి కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళు పోషించిన పాత్రని నడిమధ్యలో వదిలెయ్యమంటే ఏ నటుడికైనా వస్తుంది. తరవాత అసలు బాధ ఎలా ఉంటుందో చెప్పమన్నాడు, పాత్ర కోసమే అడిగాడనుకుంటాను. రక్తం కక్కడం, కేకలు పెట్టడం నాకేమీ జరగలేదని చెప్పాను. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఆఫీసుకి వెళ్ళడం, ఎవరన్నా పలకరిస్తే గాలి చల్లగా ఉందనడం, పడకబట్టలు ఎవరూ లేవకముందే ఉతికి ఆరేసుకోవడం, అంతే. ఆయన ముఖంలో రంగులన్నీ పోయాయి.

"ఏటేటా నేనక్కడ గుండెలు బాదుకుంటుంటే నువ్వెక్కడ కూర్చునేదానివి తాయారమ్మా?"

"మొదటి వరసలో బాబాయ్. శాలువా అందించేది నేనే కదా."

శాలువా మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. రెండు బిందెల నీళ్ళు పోతాయని తనలో తను అనుకున్నాడు. మరి జనం ఏమంటారని నన్నడిగాడు. తిడతారని చెప్పాను. వెళ్ళడానికి లేచాక వెనక నుంచి పిలిచాడు.

"ఆ రోజు నన్ను ఎంతసేపు మాట్లాడనిత్తారు?"

90వ రోజు, సున్నా పండగ

77వ రోజు ఓడ కూడా ఖాళీ చేతులతో వచ్చి వెళ్ళింది. జ్వరం నూట రెండు. గడ్డ మింగడానికి అడ్డొస్తోంది. అయినా ఆఫీసు మనిషిని కాబట్టి మొదటి వరసలో, శాలువా ఒళ్ళో పెట్టుకుని, దాని కింద దినచర్య పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను.

గవర్రాజు నలభై నిమిషాలు మాట్లాడాడు. తనకి ఆ జబ్బు ఎప్పుడూ లేదని చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆయన తన తండ్రి దగ్గర మొదలుపెట్టాడు. అబద్ధమాడిన హరిశ్చంద్రుడు తానేనన్నాడు. రెండు పద్యాలు పాడాడు. జనం కొత్త అంకమనుకుని చప్పట్లు కొట్టారు. భుజం మీది పాత శాలువా తీసి సముద్రంలోకి విసిరినప్పుడు ఈలలు కూడా వేశారు. గాలికది తిరిగొచ్చి ప్రెసిడెంటు గారి కాళ్ళ దగ్గర పడింది. అప్పటికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి, అయినా చెప్పక తప్పదు, ఆయన అంత బాగా ఎప్పుడూ నటించలేదు. మధ్యలో ఒకచోట గొంతు నిజంగానే పూడుకుపోయింది, అక్కడ మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ప్రెసిడెంటు గారు తడబడలేదు. లేచి, గవర్రాజు గారికి జబ్బే లేకపోతే ఊరికి మరీ మంచిదన్నారు. ఉన్న ఒక్క రోగీ లేడని తేలింది కాబట్టి మన సున్నా ఇదివరకటి కన్నా గట్టి సున్నా అయిందన్నారు. జనానికి ఈ లెక్క నచ్చింది. నాకూ ఒక్క క్షణం నచ్చింది, అంత అందంగా ఉంది.

నేను లేచాను. డాక్టర్ గారు జబ్బ పట్టుకున్నారు. పుస్తకం తెరిచి నలభై ఒకటో రోజు పేజీ గట్టిగా చదివాను. "నాకు ఇరవై ఆరేళ్ళుగా హెచ్ఐవి ఉంది" అన్నచోట గొంతు వణకలేదు. చదవడం అయ్యాక కింద ముద్ర జనానికి చూపించాను.

ప్రెసిడెంటు గారు నెమ్మదిగా, ఆ పేజీలు తను చదవలేదన్నారు. చదివి సరిచూశానని మీ ముద్రే చెబుతోందన్నాను. ఆయన పుస్తకం తీసుకుని పేజీలు వెనక్కి వెనక్కి తిప్పారు. ఏనుగు దగ్గర ఆగారు.

"ఇది సాక్ష్యమైతే, ఊళ్ళో ఏనుగు కూడా పుట్టినట్టేనా తాయారు గారూ?"

"పుట్టినట్టేనండి. రెండూ ఎక్కించండి, లేకపోతే అదే ముద్ర పడ్డ పదహారేళ్ళ చావు పుటకలన్నీ కొట్టెయ్యండి."

కొట్టేస్తే ఊరే లేనట్టు. ఆయన జనం వైపు చూసి, వలయం దించమన్నారు. తాడు ఉప్పుకి బిగుసుకుపోయి రాలేదు. నలుగురు లాగితే వలయం ఊడి పలకల మీద పెద్ద చప్పుడుతో పడింది. నా వైపు వచ్చిన మొదటి మనిషి మహాలక్ష్మి. ఎలా వచ్చిందని అడుగుతుందనుకుని పళ్ళు బిగించాను. నీళ్ళు రేపటినుంచే దూరమా, ఎల్లుండినుంచా అని అడిగింది.

93వ రోజు

నిన్న ఓడ మందులు తెచ్చింది. ఇవాళ మొదటి విడత ఎక్కిస్తున్నారు. పెట్టె ఇప్పుడు "హెచ్ఐవి" అని కొట్టగానే చకచకా అన్నీ ఒప్పుకుంది: హెచ్ఐవి మాత్ర రోజుకొకటి, క్యాన్సర్ మందు నిండు మోతాదు, ఊపిరితిత్తుల చీడకి మాత్ర, తెల్లకణాల సూది. మోతాదు తగ్గించమంటారా అని మర్యాదకి ఒకసారి అడిగింది. డాక్టర్ గారు దాన్ని ఓరుగల్లు భాషలో ఒక మాటన్నారు, అది నమోదు చెయ్యను.

ఆసుపత్రి పడవలో మందు సంచి తగిలించడానికి కొక్కెం లేదు. డాక్టర్ గారు ఆరో వలయం తెప్పించి పైకప్పుకి కట్టించారు. నా సంచి దానికే వేలాడుతోంది.

సాయంత్రం లెక్కల ప్రకారం పెట్టె ఇంకో సందేహం పంపింది. నాలుగో వరస పడవలోని ఏనుగుపిల్లకి టీకాలు వేయించారా అని.

104వ రోజు

జుట్టు దువ్వెనకొస్తోంది. నోటినిండా పుళ్ళు. పెరుగు కూడా కారంగా ఉంది. ఇవన్నీ మందు పనిచేస్తున్న గుర్తులని డాక్టర్ గారంటే, ఇంకొంచెం మర్యాదగా పనిచెయ్యమని చెప్పమన్నాను.

నా ఆఫీసు కిటికీకి జనం వస్తున్నారు. మొదటి రోజు ఎవరూ రాలేదు. మూడో రోజు ఒకాయన, స్నేహితుడి కోసమని హెచ్ఐవి మాత్రల సంగతి అడిగాడు. నిన్నటికి పదకొండు మంది వచ్చారు, పదకొండు మందీ స్నేహితుల కోసమే. పడవపేటలో ఇంత స్నేహం ఉందని నాకు తెలీదు. స్నేహితుడి పేరు అడక్కుండా వచ్చినవాళ్ళ రక్తమే తీయించి పంపుతున్నాను.

ఊరు ఉప్పువైపు జరిగింది. ఆడవాళ్ళు నన్ను చూసి బిందెలు చప్పుడు చేస్తున్నారు. గవర్రాజు బాబాయి కూడా బిందె మోస్తున్నాడు, దారంతా పద్యాలు పాడుతూ.

147వ రోజు

మూడు విడతలయ్యాయి. గడ్డ చేతికి దొరకడంలేదు. రక్షక కణాలు నూట డెబ్బై. ఇంకా మూడు విడతలుండాలి, ఆ తరవాత కూడా చూస్తూ ఉండాలి, హెచ్ఐవి మాత్ర ఎప్పటికీ ఆపకూడదు. పోయిందని ఇప్పుడే అనొద్దన్నారు డాక్టర్ గారు. సున్నాల మీద నాకూ నమ్మకం పోయింది కాబట్టి అనను.

పక్క ఊరి వాళ్ళూ విచారణ తమదాకా వస్తుందని భయపడి నిజం లెక్క తీశారట, రెండు వలయాలు దించారు. దాని పక్క ఊరు ఒకటి దించింది. దాంతో వరసంతా జరిగి మేం మళ్ళీ తియ్యనీళ్ళ వైపే వచ్చాం. బిందెల చప్పుడు తగ్గింది.

ఇక సత్తెమ్మ.

ఆరేళ్ళ కిందట నా కిటికీ దగ్గరికొచ్చి, నెమ్మదిగా, "అమ్మా, నా మాత్రలు రావడంలేదు" అంది. ఊళ్ళో ఆ జబ్బు లేదని చెప్పాను. "నాకుందమ్మా" అంది. లేదని మళ్ళీ చెప్పాను. వరస తెరిస్తే నా పేరు కూడా బయటికొస్తుందని భయపడ్డాను, అంతకన్నా కారణం లేదు. ఆమె నా ముఖం చూసి, సరేనమ్మా అని వెళ్ళిపోయింది. ఏడాదిన్నరకి మెడనిండా గడ్డలతో పోయింది. మరణ కారణం దగ్గర నేనే, నా గుండ్రటి అక్షరాలతో, "బలహీనత" అని రాశాను. నాకున్నదేంటో ఆమెకి తెలియదు. ఆమెకున్నదేంటో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఊరిని వెక్కిరిస్తూ రాశాను. ఈ ఒక్క పేజీలో వెక్కిరించడానికి ఎవరూ లేరు, నేను తప్ప.

వారం రోజులుగా ఎనిమిదేళ్ళ మరణాల పుస్తకాలు తిరగేశాను. "బలహీనత" అని ఇరవై మూడు చోట్ల ఉంది. డాక్టర్ గారు పాత చీటీలు చూసి, ఇంటివాళ్ళని అడిగి, ఆరుగురి సంగతి ఖాయమన్నారు. ఆ ఆరుగురి పేర్ల దగ్గర "బలహీనత" కొట్టేసి అసలు కారణం రాశాను. హెచ్ఐవి, మందు అందలేదు. సత్తెమ్మ పేరు దగ్గర ఇంకో వాక్యం రాశాను: అడిగినా గుమాస్తా ఇవ్వలేదు. కింద నా సంతకం పెట్టాను.

ఇవాళ ఆ మరణాల పుస్తకం నేనే పట్టుకెళ్ళాను. వరహాలరావు గారు ముద్ర పక్కన పెట్టి కళ్ళజోడు పెట్టుకున్నారు. పండగ నాటినుంచి ఆయనకదే అలవాటైంది. ఒక్కో పేరు దగ్గర వేలు పెట్టి చదివారు. నాలుగో పేరు ఆయన వేలువిడిచిన తమ్ముడిది. అక్కడ వేలు చాలాసేపు ఉంది. సత్తెమ్మ దగ్గరికొచ్చాక తలెత్తి, ఈ వాక్యం ఉండాల్సిందేనా అని అడిగారు. ఉండాలన్నాను. దీని మీద మీ పని పోవచ్చన్నారు. తెలుసన్నాను.

కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచి మళ్ళీ చదివారు. తరవాత ముద్ర వేశారు. ఈసారి కొంచెం వంకరగా పడింది.